వంగపువ్వు రంగు వెలుగు

గాలి కరెంటుని పోనివ్వదని చిన్నప్పుడు బళ్లో చెప్పారు. పోనిస్తుందని, అయితే ఒక్కసారిగా కాదు, మెట్టు మెట్టుగా పోనిస్తుందని నాకు ఇరవై నాలుగో ఏట తెలిసింది. డెబ్బైల మధ్యలో విశాఖపట్నంలో నేను భౌతికశాస్త్రంలో పరిశోధన చేసేదాన్ని. మా గదికి రెండే కిటికీలు. వాటికి నల్లగుడ్డ తెరలు కట్టి ఉండేవి. పట్టపగలు పదకొండింటికి కూడా లోపల చెయ్యి కనిపించేది కాదు.

బల్ల మీద ఒక ఇత్తడి పళ్లెం, దానికి బెత్తెడు ఎత్తున వేలాడదీసిన ఉక్కు సూది. అంతే నా పరిశోధనకి కావలసినది. సూదికి వోల్టేజి కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. మొదట్లో ఏమీ కనబడదు. మీటరు ముల్లు మాత్రం వెంట్రుకవాసి కదులుతుంది. ఇంకా పెంచితే సూది మొన మీద ఆవగింజంత వెలుగు పుడుతుంది. ఊదారంగు, చల్లటి వెలుగు. ఆ వెలుగు చూడాలంటే ముందు పది నిమిషాలు చీకట్లో ఊరికే కూర్చుని కళ్లని అలవాటు చేసుకోవాలి. మరి కాస్త పెంచితే సన్నగా బుసకొడుతుంది, గదిలో ఘాటైన ఓజోను వాసన లేస్తుంది. ఆపైన వెలుగు కొమ్మలు వేస్తుంది. చీపురుపుల్లల్లాంటి కొమ్మలు, పుట్టిన చోటే తెగిపోతుంటాయి. వాటిలో ఒకటి పళ్లేన్ని అందుకున్న క్షణాన ఠప్పుమని తెల్లటి గీత గీసుకుపోతుంది. గదంతా ఒక్కసారి కనబడి మళ్లీ మాయమవుతుంది.

లోపల జరిగేది చెప్పడానికి తేలికే. గాలిలో ఎప్పుడూ కొన్ని ఎలక్ట్రాన్లు ఒంటరిగా తిరుగుతూ ఉంటాయి. సూది దగ్గర లాగుడు ఎక్కువ కాబట్టి అక్కడికి చేరిన ఎలక్ట్రాన్ వేగం పుంజుకుని దారిలో ఉన్న అణువుని గుద్ది దానిలోంచి ఇంకో ఎలక్ట్రాన్ని ఊడగొడుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు. వెలుగు మొన దగ్గరే ఉన్నంతసేపూ మిగతా గాలి గాలిగానే ఉంటుంది. తెల్లటి గీత పడిందంటే మాత్రం రెంటి మధ్యా దారి పడిపోయినట్టే. ఆ దారి పడబోయే ముందు ఏం జరుగుతుందన్నదే నా పరిశోధన.

మా నాన్న పోర్టులో కళాసీ. నేను డిగ్రీలో ఉండగా పోయాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న తమ్ముడు, అమ్మ, నేను. పాత ఊళ్లో రెండు గదుల ఇల్లు. మా ఇద్దరిలో ఒకరే పెద్దచదువు చదవగలరని తేలిపోయినప్పుడు తగ్గినవాడు తమ్ముడు. "అప్ప సదువుతాదిలేయే అమ్మా. నాకు పుస్తకం సూత్తే నిద్దరొచ్చీతాది," అన్నాడు. మావైపు అక్కని అప్ప అంటాం. వాడు చెప్పింది అబద్ధం. పల్లీల పొట్లం కాగితాన్ని కూడా విప్పి రెండువైపులా చదివేవాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసి, పోర్టు అవతల ఇనుపఖనిజం గుట్టల పక్కనున్న సబ్‌స్టేషన్లో పనిలో చేరాడు.

ఒకరోజు రాత్రిడ్యూటీ దిగి, అమ్మ ఇచ్చిన కేరియర్ పట్టుకుని మా లేబొరేటరీకి వచ్చాడు. ఆ వేళకి మా ప్రొఫెసరుగారు ఇంకా రాలేదు. ఎప్పటినుంచో చూపించమని అడుగుతున్నాడని లోపల కూర్చోబెట్టి తలుపు వేశాను.

"కదలకుండా కూకో. కళ్లు అలవాటు పడాల," అన్నాను.

పది నిమిషాలు ఊపిరి బిగబట్టినట్టు కూర్చున్నాడు. వెలుగు రాగానే ముందుకి వంగి చాలాసేపు చూశాడు.

"ఇదేనా అప్పా, నువ్వు రెండేళ్లనుంచి సూత్తన్నది?"

"ఏం, బాగులేదా?"

"బాగుంది. గానీ ఇది మా యార్డులో ఉంటాది. ఇంత సిన్నది కాదు. మంచు పడ్డ తెల్లారి ఇన్సులేటర్ల మీద పూసలదండలాగ ఎలుగుతాది."

ఇన్సులేటర్లంటే తీగకీ ఇనుప స్తంభానికీ మధ్య నిలబెట్టే పింగాణీవి, గిన్నెలు బోర్లించి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. సముద్రపుగాలి వాటి మీద ఉప్పు చల్లుతుంది. ఖనిజం గుట్టల ఎర్రదుమ్ము దాని మీద పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతకాలం పర్వాలేదు. మంచుకి తడిస్తే ఆ పూత మీదుగా కరెంటు పాకడం మొదలవుతుంది. పాకిన చోట వేడికి తడి ఆరుతుంది, ఆరిన చోట గాలిని దాటవలసి వస్తుంది, అక్కడ వెలుగు పుడుతుంది. ఇదంతా నేను పుస్తకాల్లో చదివినదే. కంటితో చూసింది వాడు.

మా సారుకి చెబితే ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "గదిలో సూది మీద చూస్తున్నదే బయట అంత పెద్దగా జరుగుతుంటే వదులుకుంటామా? రోజూ రాయమనండమ్మా," అన్నారు.

నేనే ఒక పొడుగు నోటుబుక్కు కొనిచ్చాను. వాడు తెల్లవారుజామున షిఫ్టు అయిపోయేముందు రాసేవాడు. అచ్చు భాషలో మొదలుపెట్టి మావైపు భాషలోకి జారిపోయేవాడు. "ఈ దినము మంచు ఎక్కువ. సముద్రము వైపు కంబము మీద వంగపువ్వు రంగు వెలుగు. సేపలేగిన సప్పుడు. సూర్యుడొచ్చినాక ఆగిపోనాది." సారు అది చదివి నవ్వారు. "చేపలు వేగడాన్ని ఏ యూనిట్లలో కొలుస్తారమ్మా?" అన్నారు. వెక్కిరింతగా కాదు. వెంటనే పెన్సిలు తీసి పక్కన మూడు ప్రశ్నలు రాశారు. వెలుగు ఏ గిన్నె దగ్గర మొదలవుతోంది? విడివిడి వెలుగులు కలుస్తున్నాయా? కలిసేముందు రంగు మారుతోందా?

ఆ ప్రశ్నలు ఇంటికి తెచ్చింది నేను. పెన్సిలు గీతలు చెరిగిపోతాయని వాటి కింద సిరాతో నా చేత్తో మళ్లీ రాసి, అన్నం తింటున్నవాడి పక్కన కూర్చుని చదివి వినిపించాను. స్తంభాల చుట్టూ ఉన్న కంచె బయటినుంచి చూస్తే ఆ సంగతులు తెలియవని నాకు తెలుసు. దగ్గరికి వెళ్లొద్దురా అని ఆరోజు అన్నానా? ఈ మాట కోసం నా జ్ఞాపకాన్ని ఎన్నిసార్లు వెతికానో. అలా అన్నట్టు ఎక్కడా లేదు. వాడు "సూత్తాన్లే అప్పా" అనడం మాత్రం ఉంది.

ఆ చలికాలం ఇన్సులేటర్లు కడగలేదు. కడగాలంటే లైను ఆపాలి. "ఓడలు సరుక్కోసం నిలబడున్నాయంట. ఇప్పుడు ఆపీది నేదంటన్నారు," అని వాడే ఒకరోజు చెప్పాడు. నేను దానికి బాధపడలేదు. మురికి ఎక్కువైతే వెలుగు ఇంకా బాగా కనబడుతుందని లోలోపల అనుకున్నాను కూడా. ఇది రాయడం కష్టంగానే ఉంది.

జనవరి చివరలో ఒక పొద్దున్న, ఆరు కావస్తుండగా, పోర్టు వైపు ధన్‌మని ఒక చప్పుడు వినిపించింది. వీధిదీపాలు ఆరిపోయాయి. అమ్మ పొయ్యి దగ్గరనుంచి "కరెంటు పోనాది," అంది. నేను తల దువ్వుకుంటూనే ఉన్నాను. గంట తర్వాత వాడితో పనిచేసే పెద్దాయన ఒకాయన సైకిలు మీద వచ్చాడు. సైకిలు దిగకుండానే గోడకి కాలు ఆనించి నిలబడ్డాడు.

"అమ్మా, మీ గుంటడికి దెబ్బ తగిలింది. పేనం ఉంది. బేగి రండి," అన్నాడు.

వాడు దేన్నీ ముట్టుకోలేదు. సముద్రం వైపు స్తంభానికి నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉండగా ఇన్సులేటరు మీద పైనుంచి కిందికి మంట పడిపోయింది. లైనుని తెంచే బ్రేకరు పడేలోపు ఆ కాసింత సేపట్లోనే అది వాడి ముఖాన్ని, అడ్డం పెట్టుకున్న చేతుల్ని కాల్చేసింది. కరిగిన లోహం నలుసులు కళ్లలో పడ్డాయి.

పెద్దాసుపత్రిలో వాడి కళ్ల మీద, చేతుల మీద కట్లు. పెదాలు పొక్కి ఉన్నాయి. నా అడుగుల చప్పుడు పోల్చుకున్నాడు.

"అప్పా, నువ్వేనా?"

"నానేరా."

"కళ్లు బాగా మండుతన్నాయి. అమ్మకి సెప్పకు."

అమ్మ మంచానికి అటువైపు, చీరకొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

సైకిలు మీద వచ్చిన పెద్దాయన వరండాలో నన్ను పక్కకి పిలిచి, తువ్వాల్లో చుట్టిన నోటుబుక్కు ఇచ్చాడు. "ఆడి అన్నంసంచిలో ఉంది. ఎంక్వైరీవోల్లు సూత్తే సొంతపనికెల్లేడంటారు. ఎక్కడన్నా దాసెయ్యమ్మా," అన్నాడు. ఆ సాయంత్రమే దాన్ని నీళ్లపొయ్యిలో పెట్టాను. చదవకుండా పెట్టాను. వాడి ఉద్యోగం కాపాడడానికే కాల్చానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. ఆ మూడు ప్రశ్నలూ పుస్తకంలో నా చేతిరాతతో ఉన్నాయన్నదీ నిజమే.

ఎంక్వైరీకి ఇద్దరు మంచం దగ్గరికే వచ్చారు. కంచె దాటి లోపలికి ఎందుకు వెళ్లావని అడిగారు.

"సప్పుడు ఎక్కువగా ఉంటే సూద్దారని ఎల్లేను," అన్నాడు తమ్ముడు.

"ఎవరైనా పంపారా?"

"నేదండి."

నేను మంచం కాళ్ల వైపు నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. నిబంధనలకి విరుద్ధంగా లోపలికి వెళ్లాడని రాసుకుని వాళ్లు వెళ్లిపోయారు. ఇన్సులేటర్లు ఎందుకు కడగలేదన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదని తర్వాత తెలిసింది. ఉద్యోగం పోయింది.

కట్లు విప్పాక కుడికన్ను పూర్తిగా పోయిందని తేలింది. ఎడమకంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియలేదు. ఇరవై రెండేళ్ల వాడు ఏడెనిమిది నెలలు గుమ్మంలో కూర్చున్నాడు. మా వీధి చివర మోటార్లు రివైండింగ్ చేసే సాయిబుగారొకరు ఉండేవారు. ఒక శుక్రవారం నమాజు అయ్యాక తిన్నగా మా ఇంటికి వచ్చి వాడి పక్కన గుమ్మం మీదే కూర్చున్నారు.

"ఏటి బాబూ, ఊరికే కూకుంటే ఎలాగ? నా పనికి కళ్లతో పన్లేదు. తీగ వేళ్లకి తగుల్తాది, సుట్లు లెక్కెట్టుకోడమే. రేపు ఒచ్చీ," అన్నారు.

వాడు వెళ్లాడు. కాలిన వేళ్లు రెండు సరిగా ముడవలేకపోయినా నేర్చుకున్నాడు. కొన్నాళ్లకి మోటారు చప్పుడు విని ఎక్కడ కాలిందో చెప్పగలిగేవాడు. మరమ్మతుకి తెచ్చినవాళ్లు సాయిబుగారిని వదిలి వాడినే అడిగేవాళ్లు.

నేను ఏడాదిపాటు ఆ చీకటిగదికి వెళ్లలేదు. సారు ఎప్పుడూ గట్టిగా అడగలేదు. ఒకసారి ఇంటికి వచ్చి, తమ్ముణ్ని చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. చివరికి సూదితో చేసిన ప్రయోగాలతోనే థీసిస్ రాసి ఇచ్చేశాను. ఇన్సులేటర్ల గురించి ఒక్క ముక్క లేదు. పట్టా వచ్చిన రోజున అమ్మ పరమాన్నం వండింది. తింటూ తమ్ముడు అడిగాడు.

"అప్పా, నా రాతలు ఎక్కించేవా?"

"ఎక్కించేను," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. అప్పటికి నోట్లోంచి వచ్చిన మాట అదే. వాడి ముఖం వెలిగిపోయింది. మర్నాడు సాయంత్రం వీధిలో సాయిబుగారు ఎదురై, "మావోడు రాసింది పెద్ద పుస్తకంలో ఎక్కించేవంట కదమ్మా. పొద్దున్నుంచీ అందరికీ సెప్తన్నాడు," అన్నారు. నేను తలూపాను.

ఎనభైలు వచ్చాయి. నేను ఒక కాలేజీలో లెక్చరర్‌నయ్యాను. ఉక్కు కర్మాగారం కడుతున్నారు. ఊరు అటువైపు పెరుగుతూ పోయింది, సాయిబుగారి దుకాణానికి చేతినిండా పని. అమ్మ పోయింది. నేను పెళ్లి చేసుకోలేదు. దాన్ని త్యాగమని అనేవాళ్లున్నారు, అలాంటిదేమీ కాదు. ఆ ఇంట్లోంచి కదలాలని అనిపించలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, వాన పడుతోంది. పని లేక ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం.

"అప్పా, ఆ పుస్తకం తియ్యి. నా రాతలున్న పేజీ సదువు. ఇన్నాల్లయినాది, ఒక్కసారీ ఇన్నేదు," అన్నాడు.

ట్రంకుపెట్టెలోంచి థీసిస్ తీశాను. అంకెల పట్టికలున్న పేజీ ఒకటి తెరిచి ఒళ్లో పెట్టుకున్నాను. ఇంగ్లీషులో ఉందిరా, తెలుగులో చెప్తానని, నాకు గుర్తున్న వాడి మాటల్ని అతికించి చదవడం మొదలుపెట్టాను. డిసెంబరులో ఒక రోజు, మంచు బాగా ఉంది, మూడో కంబం మీద వెలుగు, చేపలు వేగినట్టు చప్పుడు.

"నాలుగోది," అన్నాడు.

నేను పేజీలోంచి తలెత్తాను.

"నాలుగో కంబం అప్పా, సముద్రం వైపుది. మూడోదానికి ఆ యేడు కొత్త గిన్నెలెట్టేరు. దాని మీద ఏటీ రాదు." మళ్లీ తనే, "అచ్చులో తప్పు పడిందేమో," అన్నాడు.

ఆ మాట పట్టుకుని తప్పించుకోవచ్చు. అవును, తప్పు పడింది అంటే సరిపోయేది. నా వల్ల కాలేదు.

"పుస్తకంలో నేదురా. ఏటీ నేదు. నీ నోటుబుక్కు కాల్చీసేను," అన్నాను.

"కాల్చేవని తెల్సు. పొయ్యిలో ఎట్టడం అమ్మ సూసిందంట, నాతో అప్పుడే అంది." వాడి గొంతు మామూలుగానే ఉంది. "రాసుకుని కాల్చేవనుకున్నాను."

లేచి గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పదేళ్లలో వాడు నామీద కోప్పడింది లేదు. ఆరోజూ కోప్పడలేదు. రెండు రోజులు నేను పెట్టిన అన్నం తినలేదు, సాయిబుగారింట్లో తిన్నాడని తెలిసింది. ఆ రెండు రోజులూ నేను కాలేజీలో పాఠం చెప్పి వచ్చాను. ఏం చెప్పానో తెలియదు.

మూడోరోజు సాయంత్రం దుకాణంనుంచి వచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాడు.

"కాయితం తియ్యి," అన్నాడు. "నాను సెప్తాను, రాయి. ఏ మాటా మార్చకు."

అలా మొదలైంది. ఆదివారాలు మధ్యాహ్నంపూట వాడు చెప్పేవాడు, నేను రాసేదాన్ని. ఏ రోజు మంచు ఎంత, గాలి ఎటునుంచి, ఏ కంబం, ఏ గిన్నె. అన్నీ వాడికి తెలుసు. మనం చూసినవాటి మీద కొత్తవి వచ్చిపడుతుంటాయి కాబట్టి పాతవి మరిచిపోతాం. వాడికి ఆ తర్వాత వచ్చిపడినవి లేవు.

ఆఖరి పొద్దుటి సంగతి చివరికి వచ్చింది. నేను కొత్త కాగితం తీసి పైన తేదీ వేశాను. వాడే చెప్పాడు.

"గిన్నెకీ గిన్నెకీ మద్దెన వంగపువ్వు రంగు ఎలుగు. ఒకటి ఆరితే ఇంకోటి ఎలిగీది. తీగ దగ్గర ఎక్కువ, కిందకొచ్చేకొలదీ తక్కువ. రాసేవా? తరవాత రంగు మారింది. పసుపైపోనాది, దీపం ఒత్తి లాగ."

ఆ పసుపు ఉప్పుదని నాకు తెలుసు. చల్లటి వెలుగు కాస్తా వేడెక్కి, పూతలో ఉన్న సముద్రపు ఉప్పుని మండించడం మొదలుపెట్టిందన్నమాట. గదిలో సూది మీద నేను ఎన్నడూ చూడనిది అది.

"పసుపయ్యాక ఆరడం మానేసినాయి. ఒకదాన్నొకటి అందుకున్నాయి. సప్పుడు మారింది, సేపలేపుడు కాదు, గుడ్డ సింపినట్టు. అప్పుడు ఎనక్కి రావల్సింది. నాను రానేదు. అన్నీ కలిసిపోనాయి, తరవాత తెలుపు." చేత్తో ముఖం తుడుచుకుని, "అంతే. ఆ పైన రాయడానికేటీ నేదు," అన్నాడు.

కాగితం మీద నా కలం చప్పుడు ఆగిపోయింది. వాడికి తెలిసింది.

"నువ్వు సెప్పేవని ఎల్లనేదు అప్పా. సదువుకున్నోల్లు సీకటిగదిలో కూకుని సూసేది నా ఎదురుగా ఉంటే, సూడకుండా ఎలాగుంటాను? నాకే సూడాలనిపించింది."

ఆ మాట నిజంగా నిజమో, నాకోసం చెప్పాడో, ఇప్పటికీ తెలియదు. అడగలేదు. అడిగినా వాడు అదే చెప్పేవాడు.

పన్నెండు కాగితాలయ్యాయి. శుభ్రంగా తిరగరాసి, వాడు పనిచేసిన యార్డుకి తీసుకెళ్లాను. అక్కడ అప్పటికి కొత్త ఇంజనీరున్నాడు. నన్ను కూర్చోబెట్టి నా ఎదురుగానే మొత్తం చదివాడు. పసుపు రంగు గురించి రాసిన చోట వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. "ఇతను ఇప్పుడెక్కడున్నాడండీ?" అని అడిగాడు. చెప్పాను. మంచు పడ్డ పొద్దున్న వెలుగు పసుపుకి తిరిగితే ఎవరూ కంచె దగ్గరికి కూడా వెళ్లకూడదని గోడ మీద రాయిస్తానన్నాడు. రాయించాడని తర్వాత విన్నాను. లోపలికి నన్ను రానివ్వరు కాబట్టి చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు గుమ్మంలో ఉన్నాడు.

"సదివేరా?"

"సదివేరు. నా ఎదురుగానే. పసుపు సంగతి గోడ మీద రాయిత్తారంట."

"నా పేరెడతారా?"

"నేదురా. నాను ఎట్టమని అడగనేదు."

"సర్లే," అన్నాడు. మొహం తిప్పుకోలేదు.

తర్వాత రెండేళ్లకి పచ్చకామెర్లు ముదిరి పోయాడు. ముప్పై నాలుగేళ్లు. సాయిబుగారు దుకాణం మూసేసి మాతో శ్మశానం దాకా వచ్చి, గేటు బయట ఎండలో నిలబడ్డారు.

నెలరోజులయ్యాక ఆ పన్నెండు కాగితాలూ పట్టుకుని యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లాను. నా థీసిస్ చివర వీటిని కలిపి బైండు చేయించమని అడిగాను. అక్కడున్నాయన మంచివాడే. కాగితాలు తిరగేసి చూసి, ఒకసారి సమర్పించిన థీసిస్‌లో ఏదీ చేర్చడానికి వీల్లేదమ్మా అన్నాడు. వేరుగా ఏదైనా పత్రికకి పంపండి అని సలహా కూడా ఇచ్చాడు. పంపాను. కొలతలు లేవని, పరికరాల వివరాలు లేవని తిరిగి వచ్చింది. మళ్లీ ఎక్కడికీ పంపలేదు.